బావమరిది రైజెన్ అంటాడు, షాపు స్నేహితుడు ఇంటెల్ అంటాడు

పల్నాడు వైపు ఒక చిన్న పట్టణం నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయవద్దని కోరారు. ఐదు పేజీలు రాశారు కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇస్తున్నాను.

ఆయన వయసు 43. పద్దెనిమిదేళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్నారు. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు. షూటింగ్, వీడియో ఎడిటింగ్ ఆయనవి, ఆల్బమ్ డిజైనింగ్ ఆయన భార్యది. ఇద్దరికీ ఒకటే కంప్యూటర్. 2018లో కొన్నది, ఇంటెల్ ఐ5-8400 ప్రాసెసర్ (చిప్), 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు. ఆరేళ్లు నమ్మకంగా పనిచేసింది. నిరుడు మంచి కెమెరా ఒకటి కొన్నారు. 4కే, 10 బిట్, 4:2:2లో తీస్తున్నారు. అప్పటి నుంచి ఎడిటింగ్‌లో వీడియో ఆగి ఆగి నడుస్తోంది. తలంబ్రాల సీను ప్లే చేస్తే పోసిన బియ్యం గాల్లోనే నిలబడిపోతున్నాయట. శ్రావణానికి తొమ్మిది పెళ్లిళ్లు ఒప్పుకున్నారు. ఈ ఆషాఢంలోనే కొత్త సిస్టమ్ కట్టించాలని నిర్ణయించుకున్నారు.

చీటీ పాడగా వచ్చిన 70 వేలు చేతిలో ఉన్నాయి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే బావమరిది వడ్డీ లేకుండా ఇంకో 50 వేలు ఇస్తానన్నాడు. దాంతో పాటే ఒక లిస్టు కూడా పంపాడు: ఏఎండీ కంపెనీ రైజెన్ 7 7700 ప్రాసెసర్, బీ650 మదర్‌బోర్డు, 32 జీబీ డీడీఆర్5. "బావా, ఇంటెల్ చిప్‌లు కాలిపోతున్నాయని ప్రపంచమంతా గోల పెడుతుంటే మీరింకా దాన్నే పట్టుకుని వేలాడతారా" అన్నాడట. ఊళ్లో కంప్యూటర్ షాపు పెట్టుకున్న స్నేహితుడు ఆ లిస్టు చూసి మొహం మాడ్చుకున్నాడు. ఏఎండీ వేడెక్కుతుందని, మన తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ దాని మీద ఆడదని, తనైతే ఐ5-14400ఎఫ్ వేస్తానని చెప్పి, చివర్లో "అది కొంటే రేపు ప్రాబ్లమ్ వస్తే నా దగ్గరకు తేవద్దన్నా" అనేశాడు. ఆ స్నేహితుడు మామూలు దుకాణదారు కాదు. 2019లో ఒక డెలివరీ ముందు రోజు రాత్రి పదకొండింటికి పవర్ సప్లై పోతే, తన ఇంట్లో సిస్టమ్‌ది విప్పి తెచ్చి బిగించిన మనిషి.

"ఒకరి మాట వింటే ఇంకొకరు దూరమవుతారు. నాకు చిప్‌ల సంగతి తెలియదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఇంటెలా, ఏఎండీనా ఒక్క మాటలో చెప్పండి" అని ముగించారు.

*

మీ ఉత్తరం రెండుసార్లు చదివానండి. ఒక్క మాటలో చెప్పలేను కానీ, ఆ మాట ఎక్కడ దొరుకుతుందో చెప్పగలను. మీ కెమెరా కార్డులో ఉంది. ఒక్క ఫైలు చూస్తే సగం చిక్కు విడిపోతుంది. ముందు దాన్ని పక్కన పెట్టి, మీ ఇద్దరు సలహాదారులు మీ నెత్తిన పెట్టిన భయాలు దించుకుందాం.

ఫాంట్ల సంగతి. ఏఎండీ మీద తెలుగు సాఫ్ట్‌వేర్ ఆడదన్న మాట పూర్తిగా తీసేయండి. ఈ రెండు కంపెనీల చిప్‌లు మాట్లాడేది ఒకే భాష. 1981లో ఐబీఎం తన పీసీలో ఇంటెల్ 8088 చిప్ పెట్టినప్పుడు, ఒక్క కంపెనీని నమ్ముకుని ఉండలేమని రెండో సరఫరాదారు కావాలంది. అలా 1982లో ఇంటెల్‌తో ఒప్పందం కుదిరి, ఏఎండీ అవే చిప్‌లు తయారు చేసింది. తర్వాత ఇద్దరూ ఏళ్ల తరబడి కోర్టులకెక్కారు, అది వేరే కథ. 2003లో తమాషా జరిగింది. ఆ భాషను 64 బిట్లకు పెంచింది ఏఎండీ, దాన్ని తర్వాత తీసుకుంది ఇంటెల్. ఇవాళ మీ ఐ5 మీద నడుస్తున్న 64 బిట్ విండోస్ ఏఎండీ రాసిన వ్యాకరణంతోనే నడుస్తోంది. కాబట్టి మీ ఫొటో, వీడియో, డీటీపీ సాఫ్ట్‌వేర్‌లు రెండింటి మీదా ఆడతాయి. ఒక్క జాగ్రత్త చాలు. ఫాంట్ల లైసెన్సు పాత మిషన్‌కు కట్టేసి ఉంటే, కొత్తదానికి మార్చుకోవడానికి అమ్మినవాళ్లకు ఫోన్ చేయాల్సి రావచ్చు. అది ఏ కంపెనీ చిప్ కొన్నా తప్పదు.

ఇక వేడి. మీ స్నేహితుడు అబద్ధం చెప్పడం లేదు. ఆయన జ్ఞాపకం పాతది, అంతే. 2001 ప్రాంతపు ఏఎండీ అథ్లాన్ చిప్ మీద నుంచి హీట్‌సింక్ (వేడి లాగే లోహపు దిమ్మ) ఊడితే, క్షణాల్లో మాడిపోయేది. అదే సమయంలో ఇంటెల్ పెంటియం 4 తనంతట తాను వేగం తగ్గించుకుని బతికేది. మెకానిక్కులు ఇలాంటివి మర్చిపోరు. కానీ 2004లో వచ్చిన పెంటియం 4లు కుంపట్లే. 2013లో ఏఎండీ 220 వాట్ల ఎఫ్‌ఎక్స్ చిప్ తెచ్చింది. 2017లో రైజెన్ వచ్చాక బండి మళ్లీ తిరగబడింది. ఈ మధ్య ఇంటెల్ ఐ9-14900కె పూర్తి వేగంలో 253 వాట్ల దాకా లాగుతుంది. వేడి ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు, అది ఎప్పటికప్పుడు ఇల్లు మారుతూ ఉంటుంది. మీకు చెప్పిన రెండు చిప్‌లూ 65 వాట్ల తరగతివే. రైజెన్ 7 7700 పెట్టెలో కూలర్ కూడా వస్తుంది.

నా మొదటి కంప్యూటర్ మే నెలలో పక్క రేకు విప్పి, టేబుల్ ఫ్యాన్ దాని వైపు తిప్పి పెడితే తప్ప నడిచేది కాదు. ఇంట్లో అందరం చెమటలు కక్కుతుంటే ఫ్యాన్ గాలి దానికి! అది ఏ కంపెనీదో ఇక్కడ చెప్పను. చెబితే మీ సలహాదారులిద్దరిలో ఒకరికి ఆయుధం దొరుకుతుంది. ఏడాది తర్వాత తేలిందేమిటంటే, బిగించినతను చిప్‌కు, హీట్‌సింక్‌కు మధ్య పేస్టే రాయలేదు.

మీ బావమరిది చెప్పిన 'కాలిపోవడం' కూడా సగం నిజం. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లు కొన్ని, అవసరానికి మించిన వోల్టేజీ అడిగి తీసుకుని, నెమ్మదిగా పాడై క్రాష్ అయ్యాయి. 2024లో ఇంటెల్ ఆ మాట ఒప్పుకుని, బయాస్ (బోర్డును నడిపించే లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్ల ద్వారా సరిచేసింది, ఆ చిప్‌ల బాక్స్ వారంటీని మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. అప్పటికే దెబ్బ తిన్న చిప్‌ను మాత్రం అప్‌డేట్ బాగు చేయలేదు, దాన్ని మార్చుకోవాల్సిందే. అయితే వారంటీ పెంచిన ఆ జాబితాలో ఉన్నవి ఐ9లు, ఐ7లు, ఐ5లలో 13600కె, 14600కె లాంటివి. 14400 గానీ 14500 గానీ అందులో లేవు. మీ బావమరిది చెప్పడం మర్చిపోయింది ఇంకొకటుంది. 2023లో ఏఎండీ ఎక్స్‌3డీ అనే రకం చిప్‌లు కొన్ని బోర్డుల మీద వోల్టేజీ ఎక్కువై మాడాయి, ఏఎండీ కూడా హద్దు పెడుతూ బయాస్ అప్‌డేట్ ఇచ్చింది. 7700 ఆ రకం కాదు లెండి. ఏది కొన్నా, బిల్లు కట్టే ముందు "బయాస్ లేటెస్ట్‌ది వేసి ఇవ్వండి" అనడం మర్చిపోకండి.

ఇక అసలు జబ్బు దగ్గరికి వద్దాం. మీ కంప్యూటర్ ఆరేళ్లు బాగానే ఉండి, కెమెరా మారిన నెలలోనే కూలబడింది. ముసలిదై పోయిందని మీరనుకున్నారు. నేననుకునేది వేరు. దానికి అలవాటు లేని తిండి పెట్టారు.

కెమెరా ప్రతి పిక్సెల్‌కూ వెలుతురు ఎంతో రాసుకుంటుంది, రంగు దగ్గర మాత్రం పొదుపు చేస్తుంది. మామూలు 4:2:0లో నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒక రంగు. 4:2:2లో రెండింటికి ఒకటి. 8 బిట్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లుంటే 10 బిట్‌లో 1,024. పట్టుచీర జరీ, పసుపు బట్టలు, మండపం లైట్లు తర్వాత గ్రేడింగ్‌లో, అంటే రంగులు సరిచేసేటప్పుడు, దిద్దుకోవడానికి ఇది బంగారం. కానీ ఈ కుదించిన వీడియోను సెకనుకు పాతిక, యాభై ఫ్రేముల లెక్కన తెరవాలి. దీన్నే డీకోడింగ్ అంటారు. మామూలు 4:2:0 వీడియో అయితే ఆ పనికి గ్రాఫిక్స్ భాగంలో ప్రత్యేకంగా ఒక చిన్న యంత్రమే ఉంటుంది. అది చకచకా తెరిచి పెడుతుంది, ప్రాసెసర్‌కు శ్రమ ఉండదు. మీ 8400లో ఉన్న గ్రాఫిక్స్‌కు గానీ, 1050 టీఐకి గానీ 4:2:2 తెరవడం రాదు. ఆ పనంతా ప్రాసెసర్‌లోని ఆరు కోర్ల (లెక్కలు చేసే భాగాల) నెత్తిన పడుతోంది. మీ తలంబ్రాలు గాల్లో నిలబడుతున్నది అందుకే.

నమ్మకం కుదరడానికి ఈ రాత్రే ఒక పని చేయండి. జీలకర్ర బెల్లం దగ్గరి క్లిప్‌లు, రెండు కెమెరాలవీ, ఎప్పటిలాగే టైమ్‌లైన్ మీద పెట్టి ప్లే చేయండి. పక్కనే టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ పేజీలో చూడండి. సీపీయూ నూరు శాతానికి తగిలి, గ్రాఫిక్స్ కార్డు దగ్గర 'వీడియో డీకోడ్' గీత నేలకు అంటుకుని ఉంటే, నేను చెప్పిందే జబ్బు. అలా కాకుండా సీపీయూ నలభైలో తిరుగుతూ డిస్క్ నూరు శాతం చూపిస్తే, మీ ఫుటేజీ పాత హార్డ్ డిస్క్ మీదో, ముందు వైపు నెమ్మదైన యూఎస్‌బీ పోర్టుకు తగిలించిన ఎక్స్‌టర్నల్ మీదో ఉందన్నమాట. అప్పుడు లక్ష రూపాయల సిస్టమ్ కాదు, ఒక ఎస్‌ఎస్‌డీ, అంటే వేగమైన కొత్త రకం డిస్క్, చాలు. 16 జీబీలో 15 పైన నిండిపోయి కనిపిస్తే ర్యామ్. మూడూ కలిసి కూడా ఉండొచ్చు. పెళ్లి వీడియోల వాళ్ల దగ్గర సాధారణంగా కలిసే ఉంటాయి!

తర్వాత మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఒక క్లిప్ తెరవండి. ఫార్మాట్ అన్నచోట ఏవీసీ అని ఉంటే అది హెచ్.264. హెచ్‌ఈవీసీ అని ఉంటే హెచ్.265. ఇవి వీడియోను కుదించే రెండు పద్ధతులు. ఇంటెలా ఏఎండీనా అన్న మీ ప్రశ్నకు జవాబు ఈ ఒక్క గీతలో ఉంది.

హెచ్.265 4:2:2 అయితే, ఇంటెల్ 11వ తరం నుంచి లోపల ఉన్న గ్రాఫిక్స్ దాన్ని నేరుగా తెరుస్తుంది. రైజెన్ 7700 లోపల ఉన్న చిన్న గ్రాఫిక్స్ తెరవలేదు. మీ పని వరకు ఇంటెల్‌కు ఇది పెద్ద మొగ్గు. ఇక్కడే మీ స్నేహితుడి కోట్‌లో ఒక అక్షరం చూడండి: 14400ఎఫ్. ఆ 'ఎఫ్' ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టే. కొన్ని వందలో వెయ్యో తక్కువని, కార్డు ఎలాగూ ఉంది కదా అని షాపులవాళ్లు అదే వేస్తారు. ఆటలాడే పిల్లలకైతే పర్వాలేదు. మీకైతే, ఇంటెల్ కొనడానికి ఉన్న ఒకే ఒక్క గట్టి కారణాన్ని పెట్టెలోంచి తీసేసి అమ్మినట్టే. ఆయన కంపెనీ సరిగ్గా చెప్పాడు, అక్షరం తప్పు చెప్పాడు. ఎఫ్ లేని 14400 అడగండి. వీలైతే 14500 అడగండి. దాని గ్రాఫిక్స్‌లో డీకోడ్ యంత్రాలు రెండున్నాయి, 14400లో ఒకటే.

ఇంకో మాట. విడిగా గ్రాఫిక్స్ కార్డు పెడితే, చాలా బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ను వాటంతట అవే ఆపేస్తాయి. బయాస్‌లో దాన్ని ఆన్ చేయించాలి. ఇది చేయక, కొత్త సిస్టమ్ కూడా పాతదానిలాగే ఆగుతోందని తిట్టుకునేవాళ్లు ఎందరో.

హెచ్.264 4:2:2 అయితే కథ మారిపోతుంది. మీకు చెప్పిన ఈ ఇంటెల్ చిప్‌లలోని గ్రాఫిక్స్ కూడా దాన్ని తెరవలేదు. మళ్లీ పని కోర్ల మీదే పడుతుంది. అప్పుడు మీ బావమరిది చెప్పిన 7700 ఎనిమిది పెద్ద కోర్లతో నిలబడుతుంది. 14400లో పెద్ద కోర్లు ఆరు, చిన్నవి నాలుగు. ఈ రెండు రకాల ఫైళ్లనూ తెరిచేది ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 50 వరస కార్డు. అది కొనగలిగితే లోపల ఏ కంపెనీ ప్రాసెసర్ ఉందన్నది దాదాపు పట్టించుకోనక్కర్లేదు. కానీ మీ లెక్కలో దానికి చోటు కష్టమే.

పైసా ఖర్చు లేని దారి కూడా ఉంది, అది ఎవరూ మీకు చెప్పలేదు. కెమెరా మెనూలోకి వెళ్లండి. మూడు గంటల ట్రెడిషనల్ వీడియో, భోజనాల దగ్గర నుంచి అప్పగింతల దాకా, 4:2:0లో తీయండి. ఆ పెన్‌డ్రైవ్ చూసే పెద్దవాళ్లు రంగుల మెట్లు లెక్కపెట్టరు, తమ చుట్టాలు కనిపించారా లేదా అన్నదే చూస్తారు. హైలైట్స్‌కు, టీజర్‌కు వాడే క్యాండిడ్ షాట్లు మాత్రం 4:2:2లో ఉంచండి. వాటికి కూడా రాత్రి పడుకునే ముందు ప్రాక్సీలు పెట్టేయండి. అంటే ఎడిటింగ్ కోసం చిన్న నకళ్లు. ఎక్స్‌పోర్ట్ మళ్లీ అసలు ఫైళ్ల నుంచే వస్తుంది. డిస్క్‌లో చోటు కాస్త ఎక్కువ పడుతుంది, ఓపిక కావాలి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. మొదటిది, ఇప్పుడేమీ కొనకపోవడం. ఎస్‌ఎస్‌డీ ఒకటి, ఇంకో 16 జీబీ ర్యామ్, కెమెరా సెట్టింగ్, ప్రాక్సీలు. చీటీ డబ్బు చాలావరకు మిగులుతుంది, బావమరిది అప్పు అక్కర్లేదు, ఎవరినీ నొప్పించక్కర్లేదు. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి కానీ, మీ 8400 విండోస్ 11 లిస్టులో ఉంది కాబట్టి ఆ భయం లేదు. ఇబ్బందల్లా ఒకటే. తొమ్మిది పెళ్లిళ్ల సీజన్‌ను పాత మిషన్‌తో ఈదాలి. మధ్యలో అది చేతులెత్తేస్తే ముహూర్తాల మధ్య కొత్తది కట్టించాలి. శ్రావణంలో ఆ పని పెట్టుకోకూడదని మీకు నేను చెప్పాలా?

రెండోది, ఎఫ్ లేని ఇంటెల్, మీ స్నేహితుడి దగ్గరే. ఈ చిప్‌లకు వేసే బీ760 బోర్డుల్లో డీడీఆర్4 రకం కూడా ఉంటుంది కాబట్టి మీ పాత ర్యామ్ పనికొస్తుంది. ర్యామ్ ధర వారానికోలా ఉంటున్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. కానీ పాత ర్యామ్ తీసి ఇందులో పెడితే పాత మిషన్ గుల్లవుతుంది, ఆ సంగతి చివర్లో చెబుతాను. ఈ సాకెట్ (బోర్డు మీద చిప్ కూర్చునే గూడు) ఇక్కడితో ఆఖరు. 14వ తరం తర్వాత ఇంటెల్ సాకెట్ మార్చేసింది, రేపు ఇదే బోర్డులో కొత్త తరం చిప్ వేయలేరు. మీ బావమరిది ఈ మాటే పట్టుకుంటాడు, అందులో న్యాయం ఉంది. ఏఎండీ పాత ఏఎం4 సాకెట్ బోర్డుల మీద ఏళ్ల తరబడి కొత్త చిప్‌లు ఆడించింది, ఇప్పటి ఏఎం5కు 2027 దాకా, ఆ పైన కూడా చిప్‌లు ఇస్తామని చెప్పింది. కాకపోతే మిమ్మల్ని మీరు ఒకటడగండి. 2018 నుంచి ఇప్పటిదాకా చిప్ ఒక్కసారైనా మార్చారా? మార్చనివాళ్లకు ఈ సౌకర్యం, వాడని జిమ్ కార్డు లాంటిది.

మూడోది, రైజెన్. ఫైలు హెచ్.264 అని తేలితే, లేదా ప్రాక్సీలు అలవాటైతే, ఇది మంచి సిస్టమే. పదేళ్ల ఆలోచన ఉన్నవాళ్లకు ఇంకా మంచిది. దీనికి డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి, పాతది పనికిరాదు. అసలు చిక్కు ర్యామ్ కాదు, మీ ఊరు. బోర్డు పోతే ఎవరి దగ్గర ఇంకో ఏఎం5 బోర్డు ఉంది, పెట్టి చూడటానికి? సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో అయితే నాలుగు అడుగులేస్తే దొరుకుతుంది. మీ దగ్గర?

మీ స్నేహితుడి కోపానికి మూలం కూడా ఇదేనని నా అనుమానం. 'నా దగ్గరకు తేవద్దు' అన్నది అహంకారంలా వినిపించింది మీకు. చిన్న ఊళ్లో షాపు నడిపేవాడి వైపు నుంచి వినండి. షాపులో ఇంటెల్ బోర్డులు రెండు మూడు ఎప్పుడూ పడి ఉంటాయి, అనుమానం వస్తే మార్చి చూస్తాడు. ఏఎండీది ఒక్కటీ ఉండదు. పైగా ఏఎం4 రోజుల్లో పిన్నులు చిప్‌కే ఉండేవి. కూలర్ పీకితే పేస్టుకు అతుక్కుని చిప్ కూడా ఊడి వచ్చేది, పిన్నులు వంగేవి. అలాంటిది ఒకటి ఎవరి మిషన్లోనో ఆయన చేతిలో జరిగి, తన జేబులోంచి కట్టి ఉంటే? ఊహే, కానీ అడిగి చూడండి. ఏఎం5లో పిన్నులు బోర్డు సాకెట్‌లోకి వెళ్లిపోయాయి, ఇంటెల్ లాగే. ఈ సంగతి ఆయనకు తెలియకపోతే మీరే చెప్పండి, ఒక టీ తాగుతూ.

అడిగేటప్పుడు 'ఏది మంచిది' అని అడగకండి, మళ్లీ యుద్ధం మొదలవుతుంది. "రైజెన్ నీ ద్వారానే తెప్పిస్తే, నువ్వే బిగిస్తే, ప్రాబ్లమ్ వస్తే ఎన్ని రోజుల్లో తేల్చగలవు?" అని అడగండి. బావమరిది ఆన్‌లైన్‌లో కొని పెట్టెలో పంపడం ఒక సంగతి, అదే లిస్టు ఈయన డీలర్ దగ్గర తెప్పించి నాలుగు రూపాయలు మిగుల్చుకోవడం ఇంకో సంగతి. రెండోదానికి ఆయన ఒప్పుకుంటే, రైజెన్ కొన్నా స్నేహం నిలుస్తుంది. ఒప్పుకోకపోతే ఆయన రాత్రి పదకొండు గంటల సాయాన్ని కూడా ధరలో కలిపి చూడాలి. నా లెక్కలో దాని విలువ ఎక్కువే. ఎవరి దగ్గర కొన్నా జీఎస్‌టీ బిల్లు, బాక్స్ పీస్ అడగండి. కంపెనీ పెట్టె లేకుండా విడిగా వచ్చే ట్రే పీస్ చవకే కానీ, కంపెనీ వారంటీ మీకు నేరుగా రాదు, అమ్మినవాడి మాటే వారంటీ.

బావమరిదికి మాత్రం ఫోన్‌లో సమాధానం చెప్పకండి. పరీక్ష చేసిన రోజు టాస్క్ మేనేజర్ ఫొటో, మీడియాఇన్ఫో ఫొటో పంపి, "ఇదీ నా ఫుటేజీ, దీనికి ఏది పనికొస్తుందో నువ్వే చూడు" అనండి. సాఫ్ట్‌వేర్ మనిషికి అంకెలు చూపిస్తే వాదన పక్కన పెట్టి లెక్కలో పడతాడు. అతను చూసిన పోలికలు ఆటలవో, అతని ఆఫీసు పనివో అయి ఉంటాయి. పెళ్లి వీడియో పోలిక అతనికి ఎవరూ చూపించి ఉండరు. అప్పటికీ 'నా డబ్బు, నా లిస్టు' అంటే, 70 వేలకు ఏమొస్తుందో స్నేహితుడి దగ్గర ఇంకో కోట్ రాయించుకోండి. ఎస్‌ఎస్‌డీ ఒకటి తగ్గించుకుంటారేమో, పాత కార్డే వాడుకుంటారేమో. అప్పు వద్దనడం వేరు, మనిషిని వద్దనడం వేరు. ఆ తేడా మీ ఆవిడే తన తమ్ముడికి చెబితే, మీరు చెప్పినదానికంటే బాగా వింటాడు.

ఆవిడ గురించే చివరి మాట. ఐదు పేజీల్లో ఆవిడ ప్రస్తావన రెండు చోట్లే వచ్చింది. ఒకటి, ఆల్బమ్ డిజైనింగ్ చేస్తారని. రెండోది మీరు మాటల మధ్యలో రాసి వదిలేశారు: మీ ఎక్స్‌పోర్ట్ నడుస్తుంటే ఆల్బమ్ పని ఆగిపోయి, ఆవిడ రాత్రి రెండింటికి లేచి కూర్చుంటున్నారని. నాకైతే మొత్తం ఉత్తరంలో ఇదే పెద్ద సమస్యగా కనిపించింది. మీరు ఏది కొన్నా పాత సిస్టమ్‌ను అమ్మకండి, ఎక్స్ఛేంజ్‌కు ఇవ్వకండి. ఫొటోల పనికి 8400 ఇప్పటికీ హాయిగా చాలు. అందుకే పాత ర్యామ్ లాగేయడానికి ముందు ఆలోచించమన్నాను. దాన్ని అలాగే ఉంచి, ఒక ఎస్‌ఎస్‌డీ వేసి ఆవిడ టేబుల్ మీద పెడితే, కొత్తది వీడియోకు, పాతది ఆల్బమ్‌కు. కొత్తది మొరాయించిన రోజు డెలివరీ ఆగకుండా అదే ఆదుకుంటుంది.

అలా రెండు మిషన్లు పెట్టుకోవాలా, లేక డబ్బంతా ఒక్కదానిలోనే పోయాలా అన్నది ఆవిడ్ని అడిగారా? ఆవిడ ఏమన్నారో ఉత్తరంలో లేదు. ఈ వారం పరీక్ష చేసినప్పుడు ఆవిడను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఆవిడేమన్నారో, ఆ క్లిప్ హెచ్.264నో 265నో, రెండూ రాసి పంపండి.